స్లైడ్లు మసగ్గా కనిపిస్తే తప్పు నెట్‌ది కాదండి

మేడమ్, మీరు అడిగింది ఇదీ కదా: శనివారం మీ వెబినార్, 150 మంది దాకా వస్తారు, పోయినసారి మీ ల్యాప్‌టాప్‌లో స్లైడ్ అద్దంలా ఉంటే అవతల వాళ్ళేమో అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి అన్నారు, మీ స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తోంది, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోవాలా అని. వద్దు. ఆ డబ్బులు దాచుకోండి. నేను వీసీ (వీడియో కాన్ఫరెన్స్) హాళ్ళు సెట్ చేసే పనిలో పదిహేనేళ్ళ పైనుంచి ఉన్నాను, స్లైడ్ మసకగా ఉందని ఫోన్ చేసినవాళ్ళలో నిజంగా ప్లాన్ మారిస్తే బాగుపడినవాళ్ళు నాకు గుర్తుండి ఒకరో ఇద్దరో, అది కూడా సిమ్ వేసిన డాంగిల్ మీద నడిపేవాళ్ళు.

ముందు లెక్క చెప్తా, తర్వాత మీకే తెలిసిపోద్ది. 1920 బై 1080 స్క్రీన్ అంటే సుమారు 20 లక్షల 73 వేల చుక్కలు. చుక్కకి 24 బిట్లు, సెకనుకి 30 ఫ్రేములు వేసుకుని గుణిస్తే 1,490 మెగాబిట్ల పైన వస్తుంది, అంటే ఉన్నదున్నట్టు పంపాలంటే మీ 100 కాదు కదా 1000 ఎంబీపీఎస్ కూడా చాలదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా నొక్కిపట్టి పిండి పంపాల్సిందే. ఎంత పిండుతుందంటే, కెమెరాలు లేకుండా ఒట్టి స్క్రీన్ షేర్‌కి జూమ్ వాళ్ళు ఇచ్చిన లెక్క సెకనుకి 50 నుంచి 75 కిలోబిట్లు. మెగా కాదండి, కిలో. మీ ప్లాన్‌లో వెయ్యో వంతు కూడా కాదు. మరి అంత తక్కువలో స్పష్టంగా ఎలా వెళ్తుంది అంటే, స్లైడ్ కదలదు కాబట్టి. ఒకసారి పంపేస్తే మళ్ళీ పంపే పని లేదు, మారిన ముక్క మాత్రమే పంపితే చాలు. మామూలు అక్షరాల స్లైడ్‌ని పీఎన్‌జీగా, అంటే బొమ్మ ఫైలుగా సేవ్ చేసి చూడండి, 100, 200 కేబీ ఉంటుంది, ఒక్క మెగాబిట్ లైను మీద ఒకటిన్నర సెకనులో వెళ్ళిపోద్ది.

అయితే ఆ కదలనిదాన్ని సాఫ్ట్‌వేర్ కదిలేదిగా అనుకుందంటే మాత్రం కథ మారిపోద్ది. కదిలేదానికి దాని లెక్క వేరు, ఫ్రేములు ఆగకూడదు, ఒక్కో ఫ్రేము కాస్త మసగ్గా ఉన్నా పర్లేదు అనుకుంటుంది, మనిషి మొహానికి అది సరిపోద్ది, అక్షరానికి సరిపోదు. పాత వీసీ పెట్టెల రోజుల్లో ఈ గొడవ లేకుండా హెచ్.239 అని ఒక పద్ధతి ఉండేది, మనిషి వీడియో ఒక దారి, స్లైడ్ ఇంకో దారి, స్లైడ్ దారిలో ఫ్రేములు తక్కువ రిజల్యూషన్ ఎక్కువ. వీజీఏ కేబుల్ గుచ్చితే చాలు, అది స్లైడేనని పెట్టెకి తెలిసిపోయేది. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఆ పని సాఫ్ట్‌వేర్ ఊహించుకుని చేస్తోంది, మీరు ఇచ్చే టిక్కుల్ని బట్టి కూడా చేస్తోంది. అందుకే దాన్ని తికమక పెట్టకుండా ఉండటమే మన పని అంతా.

మీ పోస్టులో ఒక ముక్క చూసి నాకు అక్కడే అనుమానం వచ్చింది, "మూడో స్లైడ్‌లో 2 నిమిషాల వీడియో ఉంది, అది బాగానే వెళ్ళింది" అన్నారు. వీడియో బాగా వెళ్ళి అక్షరాలు పాడయ్యాయంటే మీరు జూమ్‌లో షేర్ కొట్టేటప్పుడు కింద 'ఆప్టిమైజ్ ఫర్ వీడియో క్లిప్' అన్న టిక్ పెట్టి, మళ్ళీ తియ్యలేదు. నూటికి తొంభై ఇదే అయ్యుంటుంది. ఆ టిక్ ఉన్నంతసేపూ జూమ్ మీ స్లైడ్లన్నిటినీ సినిమాలాగే చూస్తుంది. వీడియో దగ్గరికి వచ్చినప్పుడు పైన మోర్ మెనూలో పెట్టుకోండి, అయిపోగానే అక్కడే తీసెయ్యండి, షేర్ ఆపాల్సిన పని కూడా లేదు. వీడియోకి సౌండ్ కావాలి కాబట్టి 'షేర్ సౌండ్' ఉంచుకోండి, దానికీ దీనికీ సంబంధం లేదు, చాలామంది రెండూ కలిపే పెడతారు. టీమ్స్‌లో కూడా 'ఆప్టిమైజ్' అని ఇలాంటిదే ఒకటి ఉంది.

ఇంకో తప్పు ఈమధ్య యూట్యూబ్ చూసి నేర్చుకున్న కుర్రాళ్ళు ఎక్కువ చేస్తున్నారు, ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడ్ పక్కన తమ మొహం అందంగా పెట్టుకుని దాన్ని వర్చువల్ కెమెరాగా, అంటే మీటింగ్‌కి అది కూడా ఒక కెమెరాలాగే కనపడేలా పంపడం. చూడటానికి టీవీ న్యూస్‌లా బానే ఉంటుంది వాళ్ళ స్క్రీన్ మీద. కానీ కెమెరా దారిలో వెళ్ళింది కాబట్టి దానికి కెమెరా మర్యాదే జరుగుద్ది, రిజల్యూషన్ తగ్గించేస్తుంది, అవతల చిన్న డబ్బాలో ఉంటే ఇంకా చిన్నది పంపుతుంది. స్లైడ్‌ని వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకునే ఆప్షన్‌ది కూడా అదే గతి. అక్షరాలు ఉన్నదేదైనా స్క్రీన్ షేర్ దారిలోనే పంపండి.

అసలు వీడియోగా పంపకుండా స్లైడ్‌ని స్లైడ్‌గానే పంపే దారి ఉంటే అన్నిటికంటే అదే మేలు. మీ కాలేజీలో టీమ్స్ లైసెన్సు ఉందన్నారు కదా, దాంట్లో షేర్ నొక్కితే 'పవర్‌పాయింట్ లైవ్' అని ఉంటుంది. ఫైల్ క్లౌడ్‌లోకి ఎక్కుతుంది, చూసేవాళ్ళ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆ స్లైడ్ అక్కడికక్కడే తయారవుద్ది, మీ దగ్గర్నుంచి వెళ్ళేది "ఇప్పుడు ఏడో స్లైడ్" అన్న కబురు మాత్రమే అనుకోండి. అక్షరాలు కత్తిలా ఉంటాయి, వెనక్కి వెళ్ళి పాత స్లైడ్ చూసుకోవాలన్నా చూసుకోవచ్చు (అది మీకు ఇష్టం లేకపోతే ఆపెయ్యొచ్చు కూడా). ఒక్క జాగ్రత్త, మన తెలుగువాళ్ళకి తరచూ వచ్చే తంటా. మీ స్లైడ్లు డీటీపీ వాళ్ళ దగ్గర అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టించినవి అయితే, ఆ ఫాంటు మీ ల్యాప్‌టాప్‌లో ఉంది కానీ క్లౌడ్‌లో లేదు, అవతల తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో (ఫోన్‌లో తెలుగు టైప్ చేసేది అదే) టైప్ చేసినవి అయితే ఈ బాధ లేదు. అన్నీ మళ్ళీ టైప్ చేసే ఓపిక లేకపోతే ఆ నాలుగు స్లైడ్లని బొమ్మలుగా సేవ్ చేసి పెట్టెయ్యండి.

జూమ్ మీదే చెయ్యాల్సి వస్తే ఒక పాత చిట్కా ఇప్పటికీ బంగారంలా పనిచేస్తుంది, మొదలయ్యే పది నిమిషాల ముందు పీడీఎఫ్ లింక్ చాట్‌లో పెట్టండి, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం మధ్యలో ఇంకోసారి. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు మీ మాట వింటూ పీడీఎఫ్ తిప్పుకుంటారు. ముందే ఇచ్చేస్తే వినరేమో అని కొంతమంది లెక్చరర్ల భయం, కనపడకపోతే అసలే వినరు కదండీ.

ఇప్పుడు స్క్రీన్ సైజు సంగతి. మీరు కొత్తగా 4కే మానిటర్ కొన్నానన్నారు, సంతోషం, కానీ షేర్ చేసేటప్పుడు దాన్ని వాడకండి, లేదా సెట్టింగ్స్‌లో 1920 బై 1080 కి దించి అప్పుడు షేర్ చెయ్యండి. 3840 బై 2160 ని సాఫ్ట్‌వేర్ ఎటూ కుదించే పంపుద్ది, ఆ కుదింపులో సన్న గీతలన్నీ పోతాయి. అంతకంటే ఘోరం ఆ వెడల్పాటి అల్ట్రావైడ్ మానిటర్లు, వాటిని మొత్తంగా షేర్ చేస్తే ఫోన్‌లో చూసేవాడికి పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో రిబ్బన్ ముక్క. విండో షేర్ చేస్తే కూడా ఒకటి గుర్తుంచుకోండి, విండో ఎంత ఉంటే అంతే వెళ్తుంది, సగం స్క్రీన్‌లో పెట్టుకుని షేర్ చేస్తే సగమే. ఎడమవైపు చిన్న స్లైడ్ల వరస, కింద నోట్స్, పైన రిబ్బన్, ఇవన్నీ కనిపించే ఎడిట్ విండోనే షేర్ చేసి గంటసేపు మాట్లాడే మహానుభావుల్ని చూశాను, అసలు స్లైడ్ స్క్రీన్‌లో సగం కూడా ఉండదు.

సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా స్లైడే ఫోనుకి సరిపడా లేకపోతే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీ పోస్టులో పెట్టిన శాంపిల్ స్లైడ్ డౌన్‌లోడ్ చేసి చూశాను. 14 వరసలు 6 నిలువుల టేబుల్, అక్షరం సైజు 14. దీని లెక్క చూడండి. పవర్‌పాయింట్ వైడ్ స్లైడ్ ఎత్తు 7.5 అంగుళాలు, అంటే 540 పాయింట్లు (అక్షరం సైజు కొలిచేది ఈ పాయింట్లలోనే, అంగుళానికి 72). పూర్తి 1080 లో చూసేవాడికి ఒక పాయింట్‌కి రెండు చుక్కలు, మీ 14 సైజు అక్షరానికి 28 చుక్కలు, పర్లేదు. కానీ అవతల ఒకాయన బస్సులో ఫోన్‌లో చూస్తున్నాడు, నెట్ సరిగ్గా లేక అతనికి 360 వరసల బొమ్మ వెళ్తోంది అనుకోండి, పాయింట్‌కి ముప్పావు చుక్క కూడా రాదు, మీ అక్షరానికి మొత్తం మీద 9 చుక్కలు. అందులోనే గుడి, దీర్ఘం, కింద ఒత్తు అన్నీ సర్దాలి. ఎక్కడ సర్దుతుంది పాపం. ఇంకో లెక్క, స్లైడ్ వెడల్పు 13.33 అంగుళాలు, దగ్గర దగ్గర 34 సెంటీమీటర్లు, నిలువుగా పట్టుకున్న ఫోన్ వెడల్పు 7 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. అంటే అయిదో వంతు అయిపోయింది, మీ 14 సైజు అక్షరం ఆయన కంటికి 3 సైజు కంటే చిన్నది. మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేటే నయం.

తెలుగుకి ఇంకొంచెం ఎక్కువే కావాలి. ఇంగ్లీష్ ఫాంట్‌లో పెద్ద అక్షరం దాని సైజులో చాలా భాగం నిండుగా ఉంటుంది, తెలుగు ఫాంట్‌లో పైన గుడికీ కింద ఒత్తుకీ చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరం ఒళ్ళు చిన్నదైపోద్ది. అందుకే ఇంగ్లీష్‌లో 24 పెట్టే చోట నేను తెలుగు 30, 32 పెట్టమంటాను, కాస్త మందం ఉన్న ఫాంట్‌లో. హెడ్డింగ్‌కి రామభద్ర లాంటివి, లోపలికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు మీడియం గానీ, విండోస్‌లో ఏదీ వేసుకోలేదంటే నిర్మలా యూఐ బోల్డ్. సన్నగా నాజూగ్గా ఉండే ఫాంట్లు పెళ్ళి శుభలేఖకి బావుంటాయి.

దీని మీద ఒక ముచ్చట చెప్పాలి. కోవిడ్ టైములో ఒక సాహిత్య సమావేశం జూమ్‌లో నడిపించాను, ఇక్కడా అమెరికాలోనూ కలిపి జనం. మాట్లాడే పెద్దాయన కడప జిల్లా కలమళ్లలో దొరికిన, తెలుగులో తొలి శాసనంగా చెప్పుకునే శాసనం గురించి చెప్తున్నారు, స్లైడ్ మీద అందులోని రాజు "ధనంజయుడు" పేరు, ఆయన శ్రద్ధగా టైప్ చేసుకున్నారు, తప్పేమీ లేదు. రెండు నిమిషాల్లో చాట్‌లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, "ధ కి ఒత్తు లేదు, దనంజయుడు అని ఉంది, సరిచూసుకోగలరు" అని. ఈయన తన స్క్రీన్ చూసుకుని ఉంది కదండీ అంటారు, ఆయన లేదు కదండీ అంటారు, ఇంకో ఇద్దరు మాకూ లేదు అన్నారు, ఒకావిడ నాకు ఉంది అన్నారు, పది నిమిషాలు శాసనం పక్కకి పోయి ధ మీద చర్చ. నేను నా రెండో ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే తెలిసింది, ద కీ ధ కీ తేడా ఆ కింద చిన్న గీత, థ కి అయితే కడుపులో చుక్క, పిండేటప్పుడు (కంప్రెషన్‌లో) ముందు చచ్చేవి అవే. బ భ, ప ఫ, ఒ ఓ, అన్నీ ఇదే బాపతు. ఇంగ్లీష్‌లో ఒక గీత పోయినా పదం ఊహించుకుని చదివేస్తాం, మనకి గీత పోతే అక్షరమే వేరేది అయిపోద్ది. ఆ పేరు ఒక్కటే 60 సైజులో పెట్టిన స్లైడ్ అప్పటికప్పుడు చేసి చూపించాక గానీ సభ ముందుకి కదల్లేదు.

రంగులు కూడా చూసుకోండి. వీడియో పిండేటప్పుడు వెలుతురు ఎంతుందో ప్రతి చుక్కకీ దాచుకుంటుంది కానీ రంగు మాత్రం మామూలుగా నాలుగు చుక్కలకి కలిపి ఒకటే దాచుకుంటుంది, మనిషి కన్ను రంగులో తేడా అంతగా పట్టదు కాబట్టి. దాంతో ఏమవుద్దంటే నీలం మీద ఎర్ర అక్షరాలు పెట్టారనుకోండి, వెలుతురులో రెండూ ముదురే, ఉన్న తేడా అంతా రంగులోనే ఉంది, ఆ రంగు నాలుగోవంతే వెళ్తోంది, అంచులన్నీ చెదిరిపోయి చీరకి రంగు దిగినట్టు ఉంటుంది. తెలుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు, ఇలా వెలుతురులోనే తేడా ఉండేవి పెట్టుకోండి. మీ శాంపిల్‌లో ముఖ్యమైన లైన్లన్నీ ఎరుపు చేశారు, ఎరుపు బదులు బోల్డ్ చేస్తే సరిపోద్ది. వెనకాల కాలేజీ బిల్డింగ్ ఫోటో లేతగా వేశారు చూడండి, అది కూడా తీసెయ్యండి, ఆ చెట్ల ఆకులు పిండటానికే సగం బిట్లు అయిపోతాయి, అక్షరాలకి మిగిలేది తక్కువ.

యానిమేషన్లు ఎందుకు వద్దంటున్నానో ఇప్పటికి మీకే అర్థమై ఉంటుంది. ఫేడ్ పెడితే ఆ ఒక్క సెకనులో స్క్రీన్ మొత్తం ముప్పై సార్లు మారినట్టు లెక్క. 'అపియర్' ఒక్కటే ఉంచుకోండి. స్లైడ్ మార్చగానే మొదట మసకగా వచ్చి ఒకటి రెండు సెకన్లలో తేరుకుంటుంది, ముందు ఉజ్జాయింపుగా పంపి తర్వాత మెరుగు పెడుతుంది కాబట్టి, ఆ కాస్తసేపు హెడ్డింగ్ చదవండి, లేదా మంచినీళ్ళు తాగండి. మౌస్‌ని మాటిమాటికీ గుండ్రంగా తిప్పే అలవాటు ఉంటే మానుకోండి. ఇంకోటి, ఎవరైనా కొత్తగా మీటింగ్‌లోకి వస్తే వాళ్ళకి మొదటినుంచి పూర్తి ఫ్రేము కావాలి, దానికోసం మీ ల్యాప్‌టాప్ స్లైడ్ మొత్తాన్ని మళ్ళీ కొత్తగా పంపాల్సి రావచ్చు, అప్పుడు మిగతావాళ్ళకి కూడా ఒక్క క్షణం మసకబారి మళ్ళీ తేరుకోవడం చాలాచోట్ల చూశాను. మొదటి పది నిమిషాలు జనం వస్తూనే ఉంటారు కదా, అందుకే ముఖ్యమైన టేబుల్ మొదట్లో పెట్టకండి.

మీ నెట్ విషయానికి వస్తే, డౌన్‌లోడ్ 100 కాదు చూడాల్సింది, అప్‌లోడ్ ఎంత, మధ్యలో ప్యాకెట్లు (నెట్ మీద వెళ్ళే డేటా ముక్కలు) పోతున్నాయా అన్నది. 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉంటే మీ పనికి ఎక్కువే. రౌటర్ హాల్లో ఉండి మీరు వెనక గదిలో తలుపేసుకుని కూర్చుంటే వైఫై ఎగిరెగిరి పడుద్ది, ఇరవై మీటర్ల ల్యాన్ కేబుల్ కొనుక్కుని గుచ్చండి, నెలనెలా కట్టే పెద్ద ప్లాన్ కంటే అదే చవక. ఇంట్లో పిల్లలు ఆ గంట ఫోన్లలో ఏవీ అప్‌లోడ్ చెయ్యకుండా చూసుకోండి, ఫోటోల బ్యాకప్ కూడా ఆపండి, అది మనకి తెలీకుండా అప్‌లోడ్ మొత్తం తినేస్తుంది.

సెమినార్ హాల్ నుంచి చేసే ఆలోచన ఉంటే ఒక్క మాట. దయచేసి ప్రొజెక్టర్ తెర వైపు కెమెరా తిప్పి చూపించకండి. మనవాళ్ళ సభల్లో ఎక్కడ చూసినా ఇదే, తెర వెలుగుకి మాట్లాడేవాళ్ళ మొహం నల్లగా, తెర మీద అక్షరాలు తెల్లగా వెలిగిపోయి ఏమీ కనపడవు. స్లైడ్లున్న ల్యాప్‌టాప్‌నే ఇంకో మనిషిలా మీటింగ్‌లో జాయిన్ చేసి దాన్నుంచి షేర్ చెయ్యండి, ప్రొజెక్టర్‌కి దాన్నుంచే హెచ్‌డీఎంఐ ఇవ్వండి. దాని మైకు, స్పీకరు రెండూ ఆపేసి పెట్టండి, లేదంటే కూత మొదలవుద్ది.

చివరిగా, శుక్రవారం రాత్రి ఒక అరగంట పెట్టుకోండి. మీటింగ్ ఓపెన్ చేసి స్లైడ్ షేర్ చేసి, మీ ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద అదే మీటింగ్‌లో జాయిన్ అవ్వండి. ఫోన్ నిలువుగా పట్టుకుని ఒక్కో స్లైడ్ చూడండి, మీకు చదవడానికి రాని స్లైడ్ ఎవరికీ రాదు. ఎవరైనా మీకు తెలిసినవాళ్ళు కంప్యూటర్ మీద చూసి కూడా మసక అంటే, వాళ్ళ జూమ్‌లో పైన వ్యూ ఆప్షన్స్‌లో 'ఫిట్ టు విండో' ఉందా 100 శాతం ఉందా అడగండి, పక్కపక్కన పెట్టుకునే సైడ్ బై సైడ్‌లో ఉంటే స్లైడ్ చిన్నదై పోయుంటుంది, కొన్నిసార్లు తంటా అంతా అక్కడే.

ఆ 14 వరసల టేబుల్‌ని మాత్రం మూడు స్లైడ్లు చెయ్యండి, ఆరు నిలువుల్లో మీరు నిజంగా మాట్లాడేది రెండిటి గురించే అని మీ నోట్స్ చూస్తే తెలుస్తోంది, మిగతా నాలుగూ పీడీఎఫ్‌లో ఉంటాయిగా. చేశాక ఆ మొబైల్ డేటా మీద తీసిన స్క్రీన్‌షాట్ ఒకటి ఇక్కడ పెట్టండి, మీ ల్యాప్‌టాప్‌ది కాదు, ఫోన్‌ది. చూసి చెప్తాను.